ఒడ్డున దొరకనిది

"దొంగకి కత్తి తరవాత సంగతి. ముందు కోరిక ఉండాలి," అన్నారు జనార్దనరావు గారు, కట్టు కట్టిన కాలు ముక్కాలిపీట మీద సర్దుకుంటూ. "నీ నాంచారయ్యకి ఏం కావాలో చెప్పు షంషాద్. అది చెప్పందే నీ ఓడ రేవు కదలదు."

నేను మా పాప ఆబిదాకి జడ అల్లుతూ తల వంచుకున్నాను. ఎనిమిదో తరగతి మధ్యలో పెళ్ళి కుదిరి బడి మానేసిన దాన్ని. ఎవరైనా నన్ను ప్రశ్న అడిగితే ఇప్పటికీ లేచి నిలబడబోతాను.

జనార్దనరావు గారు మా ఇంటిగలావిడ దుర్గాంబ గారి తమ్ముడు. సరుకుల ఓడలో వైర్‌లెస్ పని. ఏదో దేశపు రేవులో మెట్ల మీంచి జారి కాలు విరగ్గొట్టుకుని, అది అతుక్కునే దాకా ఉండి పోదామని బందరు వచ్చారు. పరాసుపేటలో వాళ్ళింటి వెనక రెండు గదుల్లో మేం అద్దెకుంటాం. మా ఆయన ఖాసిం దూది ఏకి పరుపులు కుడతారు. ఆయన పొద్దున్నే దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధుల్లోకి వెళ్ళిపోతే, మధ్యాహ్నం పూట నేనూ పాపా ముందు వైపు అరుగు మీదకి వచ్చి కూచునేవాళ్ళం. అక్కడే ఈ ఆట.

ఆ ఆట ఓడవాళ్ళ దగ్గర నేర్చుకున్నానని ఆయన చెప్పారు. రేవులో సరుకు దిగేదాకా పనిలేక కూచునే వాళ్ళు ఆడుకుంటారట. పటం లేదు, పిక్కల్లేవు. రెండు పాచికలు, మిగతాదంతా మాటలు. ఆడేవాళ్ళందరూ ఓడదొంగలు. ఎవరి దొంగకి వాళ్ళే పేరు పెట్టుకోవాలి, వాడి తరఫున వాళ్ళే మాట్లాడాలి. దారిలో తగిలే గాలీ వానా, దీవులూ, మనుషులూ మాత్రం ఆట నడిపించే ఆయన మాట. ఏదైనా తెగించి చేస్తానంటే పాచికలు వెయ్యాలి. పాచికలు వేసే పని మా ఆబిదాది. దానికి ఐదో ఏడు. రెండు అరచేతుల మధ్య గలగలలాడించి, కళ్ళు మూసుకుని వదిలేది.

దుర్గాంబ గారు బళ్ళో పంతులమ్మగా చేసి మానుకున్నారు. భర్త పోయి చాలా కాలమైంది. ఆవిడ దొంగ చేప ముట్టడు. ఓడ మీద వంకాయ కూర వండుకుంటాడు.

"చేప తినని ఓడదొంగని ఏ దేశంలోనూ చూళ్ళేదక్కయ్యా," అన్నారు తమ్ముడు.

"ఇప్పుడు చూడు. నా వాడికి ఎవర్నీ తోడు అడక్కుండా కాశీ వెళ్ళాలని కోరిక."

"కాశీకి రైలుందిగా. ఓడెందుకు?"

"రైలైతే తోడెవరొస్తున్నారని నువ్వే అడుగుతావు. ఓడైతే దొంగలే తోడు."

పక్కింటి రూతు మిషను ఆస్పత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ చేసొచ్చి, నిద్రపోవాల్సిన వేళకి ఇక్కడొచ్చి కూచునేది. "నా దొంగకి ఓ దీవి కావాలండీ. అందులో మంచం ఉండాలి. గంట కొట్టేవాళ్ళూ, కాన్పులయ్యేవాళ్ళూ, మా అత్తా ఉండకూడదు. వెళ్ళి పడుకోవాలి, అంతే."

"భేష్!" అన్నారు జనార్దనరావు గారు. "కోరికంటే ఇదీ. ఒడ్డున దొరకదు, అందుకే ఓడెక్కింది. చూశావా షంషాద్, రెండే ప్రశ్నలు. నీ వాడికి ఏం కావాలి? అది ఒడ్డున ఎందుకు దొరకదు?"

నాంచారయ్య అన్న పేరు మాత్రం నేను వెంటనే పెట్టేశాను. మా పుట్టిన ఊళ్ళో పడవ నడిపే ఆయన పేరు అది. కోరిక దగ్గరికొచ్చేసరికి నోరు పెగల్లేదు.

"మా పాప బాగా చదువుకోవాలండీ," అన్నాను.

"అది ఒడ్డునే దొరుకుతుంది. బడి వీధి చివరే ఉంది."

"బంగారం."

"అబద్ధం. నువ్వు చెప్పిన తీరులోనే తెలుస్తోంది."

"పగండీ. నాంచారయ్య మీద పగబట్టిన దొరని..."

రూతు పగలబడి నవ్వింది. "వదినా, చీమ కుడితే దాన్ని ఊది పక్కన పెట్టేదానివి, నీకు పగేవిటి! నీ దొంగ రేవులో కూచుని పరుపులు కుట్టుకుంటాడులే."

అలా వాళ్ళ ఓడలు ఎక్కడెక్కడికో వెళ్ళిపోతున్నాయి. నా నాంచారయ్య మాత్రం రేవులోనే ఉండిపోయాడు.

నిజానికి నాకేం కావాలో నాకు తెలుసు. పైకి అనకూడదనుకున్నాను. అంతే.

మా అమ్మ పేరు ఇమాంబీ. హంసలదీవి దగ్గర పల్లెలో బొంతలు కుట్టుకుని బతికేది. డెబ్బై ఏడు నవంబరులో సముద్రం లేచి ఊళ్ళ మీదకి వచ్చిన రోజున అక్కడే ఉంది. నీళ్ళు తీశాక మా ఆయన వెళ్ళి వెతికారు. ఇల్లున్న చోట తిరగలి ఒకటే మిగిలిందని చెప్పారు. అమ్మ దొరకలేదు. దొరకని మనిషిని పోయిందని ఎలా అంటాం? లారీల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో తీసుకెళ్ళారని ఒకళ్ళంటారు. మతి తప్పి తిరుగుతున్న వాళ్ళున్నారని ఒకళ్ళంటారు. గుడివాడ స్టేషను దగ్గర ఎవరో ముసలమ్మ చిరుగు గుడ్డలు ముందేసుకుని కుడుతూ కూచుంటోందని విని, పాపని చంకనేసుకుని పాసింజరెక్కి వెళ్ళాను. ఆవిడ మా అమ్మ కాదు. అయినా నా గడ్డం పట్టుకుని, "ఎంతసేపటికొచ్చావే," అంది. కాదని చెప్పడానికి నోరు రాక, బండి వేళయ్యేదాకా ఆవిడ పక్కనే కూచున్నాను.

ఆ తుఫాను నాటి నుంచీ గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కొంగు చివర ఆబిదా మణికట్టుకి కట్టేసుకుంటాను. వీధిలో ఆడవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

మా ఇంట్లో నాకూ మా ఆయనకీ ఉన్న పేచీ ఒక్కటే. ఆయన ఫాతిహా చదివిద్దామంటారు. పోయినవాళ్ళకి ఇష్టమైనవి వండి, ఊదు వేసి, పీర్ సాహెబ్ గారి చేత వాళ్ళ పేరు మీద చదివిస్తాం మేము. గురువారం సందెవేళ పోయినవాళ్ళు గడప దాకా వస్తారని, తమ పేరు చెప్పి ఏదైనా పెట్టారేమోనని చూస్తారని మా పెద్దల మాట. పెడితే కడుపు నిండి వెళ్తారు. పెట్టకపోతే ఆకలితోనే తిరిగి వెళ్తారు.

"రెండో ఏడు నడుస్తోంది షంషాదూ," అనేవారు మా ఆయన. "ఎన్నాళ్ళని వెనక్కి పంపుతాం ఆవిణ్ణి?"

"బతికున్న మనిషికి ఫాతిహా ఏవిటండీ? నోరెలా వస్తుంది మీకు?"

ఆయన జుట్టులో చిక్కుకున్న దూది పీచు తీసుకుంటూ బయటికి వెళ్ళిపోయేవారు. ఆ పేరు మీద చదివిస్తే మా అమ్మని నేనే నీళ్ళలోకి తోసినట్టు అనిపించేది నాకు. గురువారం వస్తే సందె దీపం పెట్టి, గడప వైపు వీపు పెట్టి కూచునేదాన్ని.

ఆ రోజు కూడా అరుగు మీద అదే ప్రశ్న.

"ఇవాళైనా చెబుతావా? లేకపోతే నాంచారయ్యని రేవులో కాపలాకి పెట్టేస్తాను," అన్నారు జనార్దనరావు గారు.

"పెట్టెయ్యండి. జీతమైనా వస్తుంది," అంది రూతు.

ఏమైందో నాకే తెలీదు. నోట్లోంచి వచ్చేసింది.

"నాంచారయ్య ఒక మనిషిని వెతుకుతున్నాడండీ. ఒడ్డంతా వెతికాడు. గుడివాడ దాకా వెళ్ళి వెతికాడు. ఒడ్డున లేదు."

రూతు నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. బందరులో ఎవరికి చెప్పాలి తుఫాను సంగతి! దుర్గాంబ గారు తమ్ముడి వైపు కోపంగా చూశారు.

"జనార్దనా, ఇక చాలు. ఇది ఆటేనా?"

"ఆటే అక్కయ్యా," అన్నారాయన. "వద్దంటే షంషాదే వద్దనాలి." తరవాత ఆబిదా వైపు తిరిగి, "పాచికలు వెయ్యి తల్లీ. మీ నాంచారయ్య ఓడ కదులుతోంది," అన్నారు.

ఓడ కదిలింది.

ఇక నాకు ఆ మధ్యాహ్నాలు తప్ప వేరే ధ్యాస లేకపోయింది. పొయ్యి మీద అన్నం పెట్టి, నాంచారయ్య ఇప్పుడు ఏ దారిన వెళ్తే బాగుంటుందా అని ఆలోచించేదాన్ని. అన్నం అడుగంటేది. బిందె కుళాయి కింద పెట్టి మరిచిపోయేదాన్ని. మిరియాల ఓడలు ఎదురైతే రూతు దొంగా, దుర్గాంబ గారి దొంగా ఎగిరి దూకి దోచుకునేవాళ్ళు. నాంచారయ్య మాత్రం ఆ ఓడలో వాళ్ళని ఒక్కటే అడిగేవాడు, "తలకి తెల్ల గుడ్డ కట్టుకుని, కుడి చెవి తమ్మె తెగిన ముసలమ్మ కనిపించిందా?" అని. జనార్దనరావు గారు ఒకసారి లేదనేవారు. ఒకసారి, "దక్షిణానికి వెళ్ళి చూడు," అనేవారు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను మర్నాటి దాకా బతికేదాన్ని.

మా ఆయన ఒకరోజు మాడిన అన్నం కలుపుకుంటూ అడిగారు. "ఆ ఆటలో అమ్మని వెతుకుతున్నావటగా. ఆబిదా చెప్పింది."

నేను మంచినీళ్ళ గ్లాసు ఆయన ముందుకి జరిపాను.

"వెతుకు. నేను వద్దనను. నేనూ అక్కడంతా తిరిగినవాణ్ణేగా." ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలారు. "అమ్మ నా చేతికి దొరికితే బాగుండును షంషాదూ. నీకు తీసుకొచ్చి చూపించేవాణ్ణి."

అది గురువారం. నేను ఆ సాయంత్రం కూడా గడపకి వీపు పెట్టే కూచున్నాను.

దీవి తగిలింది ఆ మర్నాడే.

"ఇసక దిబ్బలు, మడ చెట్లు," అన్నారు జనార్దనరావు గారు గొంతు తగ్గించి. "దూరంగా పొగ లేస్తోంది. ఎవరో ఉన్నారు. దిగుతారా?"

"నాకు మంచం ఉంటే దిగుతా," అంది రూతు.

నేను పాచికలు ఆబిదా చేతిలో పెట్టాను. ఆబిదా గలగలలాడించి వదిలింది. మంచి పందెం పడింది.

"దిగారు. నడిచి వెళ్తే అక్కడో గుడిసె. గుడిసె ముందు ఒక ముసలమ్మ. తలకి తెల్ల గుడ్డ. కుడి చెవి తమ్మె తెగి ఉంది."

దుర్గాంబ గారు నా చెయ్యి పట్టుకున్నారు. వీధిలో సోడా బండివాడు కేకేసుకుంటూ వెళ్తున్నాడు. ఆ కేక ఎక్కడో చాలా దూరం నుంచి వచ్చినట్టుంది.

"మాట్లాడు షంషాద్. నాంచారయ్య ఏమంటాడు?"

"ఏమీ అనడండీ," అన్నాను. "ముందు ఆవిణ్ణి మాట్లాడమనండి."

జనార్దనరావు గారు కళ్ళు మూసుకున్నారు. ఆయనెప్పుడూ అలాగే చేసేవారు. ఆటలో దొంగలకే కాదు, ఎదురైన ప్రతి మనిషికీ ఒక కోరిక ఉండాలని, అది తెలిస్తే తప్ప ఆ మనిషి నోరు విప్పడని చెప్పేవారు. దొరకి ఒకటి, కాపలావాడికి ఒకటి, చిలక అమ్మేవాడికి ఒకటి. ఇప్పుడు ఒంటరి దీవిలో ఉన్న ముసలమ్మకి ఏం కావాలా అని ఆలోచిస్తున్నారు. మా ఇంట్లో పేచీ సంగతి ఆయనకి తెలీదు. గురువారాల సంగతి అసలు తెలీదు.

కళ్ళు తెరిచి అన్నారు. "ముసలమ్మ మిమ్మల్ని చూసి లేచి నిలబడింది. చీరకి అంటిన ఇసక దులుపుకుంది. 'వచ్చారా,' అంది. 'ఆకలేస్తోందమ్మా. తినడానికి ఏమైనా తెచ్చారా?' అని అడుగుతోంది."

ఆయన రూతు వైపు తిరిగారు.

"ఓడలో ఏమున్నాయి రూతూ?"

"పట్టు తానులున్నాయండీ. మిరియాల బస్తాలు. వెండి పళ్ళాలు. రెండు అద్దాలు."

"తినేవి?"

"తినేవి..." రూతు నా వైపు చూసింది. "తినేవి ఏమీ తేలేదండీ."

"మరి షంషాద్, ముసలమ్మ చూస్తోంది..."

నేను లేచిపోయాను. ఆబిదా చెయ్యి పట్టుకుని వెనక వైపుకి వచ్చేశాను. వెనక నుంచి దుర్గాంబ గారు తమ్ముణ్ణి కేకలెయ్యడం వినిపించింది. "చెప్పానా నీకు! చెప్పానా!"

ఇంట్లోకి వచ్చి గడప మీద కూచున్నాను, మొహం బయటికి పెట్టి. మా ఊళ్ళో అమ్మ ఎప్పుడూ నాకు పెట్టిన తరవాతే తినేది. బడి నుంచి ఆలస్యంగా వస్తే పళ్ళెం మీద మూత పెట్టి వాకిట్లో కూచునేది. "ఆకలేస్తోందే, ఎంతసేపటికొచ్చావే," అనేది. నేను రాకుండా ముద్ద ముట్టేది కాదు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి నేనింకా అక్కడే ఉన్నాను.

"గురువారం పీర్ సాహెబ్ గారిని రమ్మనండి," అన్నాను.

ఆయన విల్లు గోడకి ఆనించి, నా పక్కన గడప మీదే కూచున్నారు. ఎందుకని అడగలేదు.

అప్పుడు చింతచిగురు రోజులు. బజారు నుంచి లేత చిగురు తెప్పించాను. ఎండు రొయ్యలు తలలు తుంచి, దోరగా వేయించి, చిగురు అరచేతుల్లో నలిపి వేశాను. మా అమ్మకి అదుంటే వేరే కూరే అక్కర్లేదు. పొగలు కక్కే అన్నం పళ్ళెంలో పోసి, పక్కన కూర, ఒక గ్లాసు మంచినీళ్ళు, అరటిపళ్ళు పెట్టాను. ఆబిదా మూతలన్నీ సర్దింది.

పీర్ సాహెబ్ గారు పెద్దాయన. చాప మీద కూచుని మూత తీసి చూసి వెనక్కి తగ్గారు.

"ఇదేవిటమ్మా, ఎండు రొయ్యలా! ఫాతిహాకి తీపి వండుతారు. పాయసమో, సేమ్యావో..."

"మా అమ్మ తీపి తినదండీ," అన్నాను.

ఆయన నా మొహం చూశారు. గడ్డం సవరించుకుని, "సరే. తినేవాళ్ళ ఇష్టమే ఇష్టం," అని ఊదు నిప్పుల మీద వేశారు. పొగ లేచింది. "ఎవరి పేరు మీద చదవమంటావు?"

మా ఆయన చెప్పబోయి ఆగారు. నేనే చెప్పాలని తెలుసు ఆయనకి.

ఇన్నాళ్ళూ నేను దాచుకున్నదంతా ఆ పేరులోనే ఉంది. అది చెప్పేశాక ఇక ఏ స్టేషను దగ్గరికీ పరిగెత్తక్కర్లేదు. ఎవరి తలగుడ్డ వైపూ, ఎవరి చెవి వైపూ చూడక్కర్లేదు. అంత పెద్ద ఖాళీలో నేనేం చెయ్యను?

గడప అవతల వెలుగు తగ్గుతోంది.

"ఇమాంబీ," అన్నాను. "మా అమ్మ."

ఆయన చదివారు. నేను కొంగు కప్పుకుని గడప వైపే చూస్తూ కూచున్నాను. ఎవరూ రాలేదు. రారని నాకు తెలుసు. కానీ ఊదు పొగ గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ కాసేపు ఆగి, తరవాత బయటికి పోయింది.

చదివించిన అన్నం పంచిపెట్టాలి. రూతు మా ఇంట్లోనే కూచుని తిని, గిన్నె కూడా తుడిచేసింది. దుర్గాంబ గారు మా వంట తినరు. ఆవిడకి అరటిపళ్ళు పట్టుకెళ్తే కళ్ళకద్దుకుని తీసుకున్నారు. జనార్దనరావు గారు పెరటి మెట్ల మీద, నా వైపు చూడకుండా, తల వంచుకుని కూచుని ఉన్నారు. పళ్ళెం ఆయన ముందు పెట్టాను.

"మీ అమ్మగారిదా?" అన్నారు మెల్లిగా.

"అవునండీ."

కర్ర పక్కన పెట్టి తినడం మొదలుపెట్టారు. లోపల్నుంచి దుర్గాంబ గారి గొంతు వినిపించింది. "నేనేం చూడ్డం లేదులే జనార్దనా. కానియ్."

మర్నాడు మధ్యాహ్నం నేనే ముందుగా వెళ్ళి అరుగు మీద కూచున్నాను. ఆయన ఆట మానేద్దామన్నారు. కాలు కూడా బాగయిందని, త్వరలో ఓడకి వెళ్ళిపోవాలని ఏదో చెప్పబోయారు.

"నాంచారయ్య ఇంకా దీవిలోనే ఉన్నాడండీ," అన్నాను. "ఓడకి వెళ్ళి, అన్నం వండించి పట్టుకొచ్చాడు. చింతచిగురు, ఎండు రొయ్యలు."

"ఓడ మీద చింతచిగురు ఎక్కడిది వదినా?" అంది రూతు.

"నా వాడు తెచ్చుకున్నాడు," అన్నారు దుర్గాంబ గారు వెంటనే. "వంకాయలతో పాటు. నువ్వూరుకో."

జనార్దనరావు గారు కళ్ళు మూసుకున్నారు. తెరిచారు. "ముసలమ్మ పళ్ళెం ముందు కూచుంది. అన్నం కలుపుతోంది. మీ వాళ్ళందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. పాటు మొదలై నీరు వెనక్కి తీస్తోంది, ఓడ బయల్దేరే వేళయింది." ఆగారు. "అడుగుతావా నాంచారయ్యా? ఆవిణ్ణి ఓడెక్కమని అడిగితే, పాచికలు వెయ్యాలి. ఆవిడ వచ్చినా రావచ్చు."

ఆబిదా అప్పటికే పాచికలు రెండూ అరచేతుల మధ్య పెట్టుకుని గలగలలాడిస్తోంది. మెడ సాచి నా వైపే చూస్తోంది. బయట గాలి లేచి, వీధిలో దుమ్ము లేపుకుంటూ పోయింది.

నేను దాని చేతుల మీద నా చేతులు వేసి ఆపాను.

"వద్దండీ," అన్నాను. "అన్నం తింటోంది. తిననివ్వండి."